కదిలే సంబంధాల పటం: ఫ్లోరెన్స్ కుటుంబాలతో ఒక అభ్యాసం

ఇంతకు ముందు యూనిట్‌లో వంశవృక్షాల గురించి చదివారు. వంశవృక్షం ఒకే దిక్కుగా నడుస్తుంది. తాత పైన, మనవడు కింద. కాలం పైనుంచి కిందికి పారుతుంది కాబట్టి దాన్ని ఎవరు గీసినా దాదాపు ఒకేలా వస్తుంది. కానీ వియ్యాలు, అప్పులు, ఉత్తరాలు, పొత్తులు అలా ఒద్దికగా నిలబడవు. ఒక ఇంటికి ఆరు ఇళ్లతో వియ్యం ఉంటుంది, ఆ ఆరింటిలో రెండు మళ్లీ ఒకదానితో ఒకటి వియ్యమందుతాయి. ఇలాంటి వాటిని చూపడానికి చరిత్రకారులు ఇప్పుడు కంప్యూటర్‌లో సంబంధాల గ్రాఫ్‌లు గీస్తున్నారు. మనుషులో కుటుంబాలో చుక్కలవుతారు, వారి మధ్య సంబంధాలు గీతలవుతాయి. చుక్కను నోడ్ అనీ, గీతను ఎడ్జ్ అనీ అంటారు. ఈ పాఠంలో మనం చుక్క, గీత అనే పిలుద్దాం.

తెర మీద ఈ పటం కదులుతుంది. దగ్గరకు తెచ్చుకోవచ్చు, ఒక మూల మాత్రమే చూడవచ్చు, రంగులు మార్చవచ్చు, చుక్కల్ని పెద్దవి చేయవచ్చు. మీరు నొక్కే ప్రతి బటన్ వెనుకా చరిత్ర గురించి ఒక నిర్ణయం దాగి ఉంటుందని ఈ పాఠం చదువుతున్నంతసేపూ గుర్తుంచుకోండి. దగ్గర కంప్యూటర్ లేనివారు ఒక కాగితం, పెన్సిలు, రబ్బరు పెట్టుకుని కూర్చోండి. ఇక్కడి పటంలో పదహారు చుక్కలు, ఇరవై గీతలు మాత్రమే ఉన్నాయి. చేత్తో గీసుకోవచ్చు.

చేతిగీత నుంచి తెర మీదికి

చుక్కలు, గీతల కథను 1736తో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆ ఏడాది నాటి వ్యాసంలో లెయొన్‌హార్డ్ ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ నగరంలోని ఏడు వంతెనల సమస్యను తీసుకుని, ప్రతి వంతెననూ ఒక్కసారే దాటుతూ ఊరంతా తిరగడం అసాధ్యమని నిరూపించాడు. పాఠ్యపుస్తకాల్లో ఈ కథ పక్కన కనిపించే నాలుగు చుక్కల బొమ్మ ఆయన గీసింది కాదు, అది తర్వాతి కాలం వారు వేసింది. ఆయిలర్ అక్షరాలతోనే పని కానిచ్చాడు. ఇలాంటి బొమ్మకు ‘గ్రాఫ్’ అనే పేరు 1878లో గణితవేత్త సిల్వెస్టర్ రాతల్లో వచ్చింది.

మనుషుల మధ్య సంబంధాలను చుక్కలు గీతలుగా గీసి లోకం దృష్టికి తెచ్చినవాడు జేకబ్ మొరేనో అనే మనోవైద్యుడు. 1932లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్‌లో ఆడపిల్లల శిక్షణ పాఠశాల నుంచి సుమారు రెండు వారాల వ్యవధిలో పద్నాలుగు మంది పారిపోయారు. ఒక్కొక్కరి స్వభావంలో కారణం వెతికితే పొంతన కుదరలేదు. మొరేనో, ఆయన సహచరి హెలెన్ జెన్నింగ్స్ మరో దారి పట్టారు. ఎవరితో కలిసి ఉండాలనుకుంటున్నావని, ఎవరంటే గిట్టదని ప్రతి పిల్లనూ అడిగి, జవాబులను గీతలుగా గీశారు. పారిపోయినవారు ఆ అల్లికలో ఎక్కడ ఉన్నారన్నదే అసలు సంగతి అని మొరేనో వాదించాడు. ఈ పటాలను 1933 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక వార్తగా వేసింది, మరుసటి ఏడాది ఆయన పుస్తకం వచ్చింది.

మొరేనో పటంలో ప్రతి చుక్కనూ చేత్తో పెట్టేవారు. గీతలు అడ్డదిడ్డంగా ఒకదాన్నొకటి దాటకుండా చుక్కల్ని అటూ ఇటూ జరిపేవారు. ఆ జరపడమే ఆ తర్వాత యంత్రం పని అయింది. 1963లో ఐవన్ సదర్లండ్ ‘స్కెచ్‌ప్యాడ్’ అనే ప్రోగ్రామ్‌లో కాంతిపెన్నుతో తెర మీది బొమ్మను ముట్టుకుని కదిపే వీలు చూపించాడు. 1984లో పీటర్ ఈడ్స్ ఒక చక్కని ఊహ చేశాడు. చుక్కలన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయని, గీత ఉన్నచోట ఒక స్ప్రింగు ఉండి రెంటినీ దగ్గరకు లాగుతుందని అనుకుందాం. అన్నిటినీ వదిలేస్తే కాసేపు ఊగి, ఎక్కడో ఒకచోట స్థిరపడతాయి. 1991లో ఫ్రుక్టర్‌మన్, రైన్‌గోల్డ్ ఈ పద్ధతికి మెరుగులు దిద్దారు. ఈనాటికీ తెర మీద మీరు చూసే గ్రాఫ్‌లలో చాలావాటికి ఆ స్ప్రింగులే ఆధారం.

1996లో స్లొవేనియాలో మొదలైన ‘పాయెక్’ అనే సాఫ్ట్‌వేర్ పరిశోధకులకు బాగా అక్కరకొచ్చింది. వారి భాషలో ఆ మాటకు సాలెపురుగు అని అర్థం, పనికి తగ్గ పేరే. 2008 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని కాంపియేన్ సాంకేతిక విశ్వవిద్యాలయ విద్యార్థులు ‘గెఫీ’ని మొదలుపెట్టారు. అది ఉచితం. మన అభ్యాసానికి దాన్నే వాడుకుందాం. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవారికి బటన్‌ల పేర్లు మారతాయి, పని మారదు.

మన ఉదాహరణ

15వ శతాబ్దపు ఫ్లోరెన్స్‌ను తీసుకుందాం. పేరుకు గణతంత్రం, నడిపించేది కొన్ని పెద్ద కుటుంబాలు. 1433లో రినాల్దో దెల్యి అల్బిట్సీ నాయకత్వంలోని వర్గం కోసిమో దె మెడిచీని పట్టించి దేశబహిష్కారం చేయించింది. ఏడాది తిరిగేసరికి, 1434లో, కోసిమో వెనక్కి వచ్చాడు. రినాల్దో ఊరు విడిచి పోవలసివచ్చింది, పాల్లా స్ట్రోట్సీకీ అదే గతి పట్టింది. అక్కడినుంచి మెడిచీల పెత్తనం మొదలైంది. అంతకన్నా ధనవంతులు ఉండగా మెడిచీలే ఎలా గెలిచారు?

1993లో జాన్ పాజెట్, క్రిస్టఫర్ ఆన్సెల్ ఈ ప్రశ్నకు సంబంధాల అల్లిక ఆధారంగా జవాబు రాశారు. చరిత్రకారిణి డేల్ కెంట్ 1978లో ప్రచురించిన పరిశోధన వారికి ముఖ్య ఆధారం. వారు పరిశీలించినవి తొంభైకి పైగా కుటుంబాలు. అందులోంచి పదహారింటిని తీసిన చిన్న పట్టిక ఇప్పుడు ప్రపంచమంతటా తరగతి గదుల్లో తిరుగుతోంది. అందులోని వియ్యాలు ఇవి, రాసుకోండి.

మెడిచీలకు ఆరు ఇళ్లతో వియ్యం: అచ్చాయువోలీ, అల్బిట్సీ, బార్బదోరీ, రిదోల్ఫీ, సాల్వియాతీ, తోర్నబువోనీ. స్ట్రోట్సీలకు నాలుగు: కాస్తెల్లానీ, పెరుట్సీ, రిదోల్ఫీ, బిస్కేరీ. గ్వాదాన్యీలకూ నాలుగు: అల్బిట్సీ, బిస్కేరీ, లాంబెర్తెస్కీ, తోర్నబువోనీ. ఇవి కాక కాస్తెల్లానీకి పెరుట్సీతోను, బార్బదోరీతోను; పెరుట్సీకి బిస్కేరీతో; రిదోల్ఫీకి తోర్నబువోనీతో; సాల్వియాతీకి పాట్సీతో; అల్బిట్సీకి జినోరీతో. మొత్తం ఇరవై. పదహారో కుటుంబం పుచ్చీ, దానికి ఒక్క గీత కూడా లేదు. దాన్ని కూడా రాసుకోండి, తర్వాత పని ఉంది.

గెఫీలో ‘డేటా లాబొరేటరీ’ అనే పేజీలో చుక్కల పట్టిక, గీతల పట్టిక వేరువేరుగా ఉంటాయి. చుక్కల పట్టికలో ప్రతి కుటుంబానికీ ఒక గుర్తు, ఒక పేరు. గీతల పట్టికలో ‘సోర్స్’ కింద ఒక ఇల్లు, ‘టార్గెట్’ కింద మరో ఇల్లు. ఆ తర్వాత ‘టైప్’ అని ఒక గడి వస్తుంది: గీతకు దిక్కు ఉందా లేదా? ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. తెలుగులో మనకు రెండు మాటలు ఉన్నాయి. ‘వాళ్లూ వీళ్లూ వియ్యమందారు’ అంటే దిక్కు లేని గీత, ఇరువైపులా సమానం. ‘వాళ్లు పిల్లనిచ్చారు, వీళ్లు తెచ్చుకున్నారు’ అంటే బాణం గుర్తున్న గీత. ఏ ఇల్లు ఎక్కువగా ఇస్తోంది, ఏది తెచ్చుకుంటోంది అన్నది హోదాకు సంబంధించిన సంగతి కావచ్చు. ఈ చిన్న పట్టికలో ఆ వివరం లేదు, వియ్యమే ఉంది. కాబట్టి ‘అన్‌డైరెక్టెడ్’ ఎంచుకుంటున్నాం. ఆ ఎంపికతో, పిల్ల ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి వెళ్లిందన్న ప్రశ్నను వదిలేసుకున్నాం.

పటంలో తిరగడం

‘ఓవర్‌వ్యూ’ పేజీకి వస్తే చుక్కలు చిందరవందరగా కనిపిస్తాయి. కంగారు పడకండి, ఇంకా స్ప్రింగులు బిగించలేదు. లేఅవుట్ పెట్టెలో ఫ్రుక్టర్‌మన్-రైన్‌గోల్డ్‌ను గానీ, ‘ఫోర్స్‌అట్లాస్ 2’ను గానీ ఎంచుకుని నడపండి. చుక్కలు ఊగి సర్దుకుంటాయి. మౌస్ చక్రం తిప్పితే పటం దగ్గరకు వస్తుంది, దూరం పోతుంది. కుడి బటన్ నొక్కి లాగితే పటమంతా జరుగుతుంది. పటం ఎక్కడికో జారిపోయి తెర ఖాళీ అయితే, మధ్యకు తెచ్చే భూతద్దం గుర్తు ఎడమవైపు ఉంటుంది. ఒక చుక్క మీద మౌస్ ఉంచితే దాని పొరుగువారు వెలుగుతారు, మిగతావారు మసకబారతారు.

ఒక కాంటాక్ట్ తరగతిలో ఒక విద్యార్థి తాను ముద్రించి తెచ్చిన పటం చూపించి, ‘మెడిచీలు పైన ఉన్నారు, స్ట్రోట్సీలు కింద ఉన్నారు, అంటే అధికారం అప్పటికే తేలిపోయింది కదా సార్’ అన్నాడు. నేను ఆ కాగితాన్ని తలకిందులు చేసి ఆయన చేతికి ఇచ్చాను. తరగతి నవ్వింది గానీ ఆయన తప్పేమీ లేదు. భూపటంలో ఉత్తరం పైన ఉంటుందని, వంశవృక్షంలో పెద్దలు పైన ఉంటారని చిన్నప్పటి నుంచి నేర్చుకున్న కళ్లు అవి. సంబంధాల గ్రాఫ్‌లో పైకీ కిందికీ అర్థం లేదు, కుడికీ ఎడమకీ లేదు. లేఅవుట్‌ను మళ్లీ నడిపితే మరో బొమ్మ వస్తుంది. మారనిది ఒక్కటే: ఏ చుక్కకు ఏ చుక్కతో గీత ఉంది. దూరం కూడా రమారమి సూచనే తప్ప కొలత కాదు. కాబట్టి లేఅవుట్‌ను కనీసం మూడుసార్లు నడిపి, మూడింటిలోనూ కనిపించిన దాన్నే మీ జవాబులో రాయండి.

ఇప్పుడు ఒక ఇంటి చుట్టూ తిరిగి చూద్దాం. ఫిల్టర్లలో ‘ఇగో నెట్‌వర్క్’ అని ఉంటుంది. ఒక చుక్కను, అది ఎంత దూరం చూడాలో చెప్పే సంఖ్యను ఇస్తే, ఆ మేరకే పటం మిగులుతుంది. మెడిచీ పేరు, సంఖ్య ఒకటి ఇవ్వండి. మెడిచీ, ఆరుగురు వియ్యంకులు మిగులుతారు. ఆ ఆరు ఇళ్లలో తమలో తాము వియ్యమందినవి ఎన్ని? రిదోల్ఫీ, తోర్నబువోనీ మాత్రమే. ఆరు ఇళ్ల మధ్య పదిహేను గీతలకు వీలుంటే, ఉన్నది ఒక్కటి.

అదే పని స్ట్రోట్సీకి చేయండి. నలుగురు వియ్యంకుల మధ్య ఆరు గీతలకు వీలుంటే, రెండు ఉన్నాయి: కాస్తెల్లానీకీ పెరుట్సీకీ మధ్య ఒకటి, పెరుట్సీకీ బిస్కేరీకీ మధ్య ఒకటి. తేడా కనబడుతోందా? స్ట్రోట్సీల చుట్టాలు తమలో తాము కూడా చుట్టాలు. మెడిచీల చుట్టాలకు ఉమ్మడిగా ఉన్నది దాదాపుగా మెడిచీలే. ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే మెడిచీ ఇంటి గుమ్మం దాటాలి. పాజెట్, ఆన్సెల్ వాదనకు ఇది ఒక మూలస్తంభం. ప్రత్యర్థి వర్గంలో అందరూ అందరికీ బంధువులే, అందరూ పెద్దలే, అందుచేత ఒకరి మాట మీద కదలడం కష్టమైంది. మెడిచీ పక్షం ఒక ఇరుసు చుట్టూ ఆకుల్లా అమరింది.

సంఖ్యను రెండు చేస్తే పన్నెండు కుటుంబాలు కనిపిస్తాయి. మూడు చేస్తే పదిహేనూ వచ్చేస్తాయి. ఇంత చిన్న పటంలో మెడిచీల నుంచి మూడడుగులు వేస్తే అందరూ చుట్టాలే అవుతారని గమనించండి. ‘రెండు మెట్ల దూరపు సంబంధం’ అని ఎవరైనా గొప్పగా రాస్తే, ఆ పటంలో రెండు మెట్లలో లేనివారు ఎందరని అడగండి.

రూపం మార్చడం

‘అపియరెన్స్’ పెట్టెలో చుక్క పరిమాణాన్ని ఏదో ఒక సంఖ్యకు కట్టివేయవచ్చు. ముందుగా సంపదకు కడదాం. 1427లో ఫ్లోరెన్స్‌లో పన్ను కోసం ఆస్తుల లెక్క తీశారు. ఆ లెక్కల నుంచి తీసిన అంకెలు వేల లీరాల్లో ఈ పట్టికతో పాటే దొరుకుతాయి. స్ట్రోట్సీ 146, మెడిచీ 103, గ్వాదాన్యీ 8, పుచ్చీ 3. ఈ అంకెలతో గీస్తే స్ట్రోట్సీలు గుమ్మడికాయంత, మెడిచీలు కాస్త తక్కువ, గ్వాదాన్యీలు గోళీకాయంత. ఈ బొమ్మ చూసినవారెవరూ మెడిచీలు గెలుస్తారని పందెం కాయరు.

ఇప్పుడు సంపద తీసేసి, ‘మధ్యవర్తిత్వం’ అనే కొలతకు కడదాం. ఇది సులభమైన ఊహే. బార్బదోరీల నుంచి జినోరీలకు కబురు వెళ్లాలి. దగ్గరి దారి: బార్బదోరీ, మెడిచీ, అల్బిట్సీ, జినోరీ. మూడడుగులు. మెడిచీలను తప్పించుకుని వెళ్లాలంటే కాస్తెల్లానీ, పెరుట్సీ, బిస్కేరీ, గ్వాదాన్యీ, అల్బిట్సీల మీదుగా ఆరడుగులు. ఇలా ఒక ఇంటిని పక్కనపెట్టి, మిగతా ప్రతి జంటకూ దగ్గరి దారి తీసి, అందులో ఎన్ని ఆ ఇంటి మీదుగా పోతాయో లెక్కిస్తారు. సమాన దూరపు దారులు రెండు మూడు ఉంటే వాటాలు వేస్తారు. గెఫీలో ‘నెట్‌వర్క్ డయామీటర్’ అన్న లెక్క నడిపితే ఇది కూడా వస్తుంది. పుచ్చీని వదిలేస్తే, ఒక్కో ఇంటికీ మిగతావారిలో 91 జంటలు ఉంటాయి. మెడిచీల వాటా 47.5, అంటే సగానికి పైగా. గ్వాదాన్యీలకు సుమారు 23, అల్బిట్సీలకు 19, స్ట్రోట్సీలకు 9 పైచిలుకు.

గోళీకాయంత గ్వాదాన్యీలు రెండో స్థానానికి ఎక్కారు. గుమ్మడికాయంత స్ట్రోట్సీలు కుంచించుకుపోయారు. పట్టిక మారలేదు, గీతలు మారలేదు, మీరు ఒక పెట్టెలో ఒక మాట మార్చారు అంతే.

రెండు బొమ్మల్లో ఏది సరైనది? రెండూ సరైనవే, రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. అయితే రెండో బొమ్మను మాత్రమే ముద్రించి ‘మెడిచీల శక్తి’ అని కింద రాస్తే, 1434లో ఏం జరిగిందో ముందే తెలిసి దానికి సరిపోయే కొలతను ఎంచుకున్నట్టవుతుంది. ఆ పని చాలామంది చేస్తారు. మీరు చేస్తే కొలత పేరు బొమ్మ కిందే రాయండి.

మరో చిన్న పరీక్ష. పట్టికను కాపీ చేసుకుని, కాపీలో మెడిచీ చుక్కను తుడిచేయండి. అచ్చాయువోలీ ఒంటరి అవుతుంది, సాల్వియాతీ, పాట్సీ ఇద్దరూ విడిపోయి ఒక ద్వీపం అవుతారు, మిగతా పదకొండు ఒక గుంపుగా ఉంటాయి. మళ్లీ కాపీ చేసి, ఈసారి స్ట్రోట్సీని తుడవండి. ఏమీ విడిపోదు. నాకు ఈ పరీక్ష ఏ కొలత కన్నా బాగా నచ్చుతుంది, ఎందుకంటే చేత్తో కాగితం మీద చేసి చూడవచ్చు, ఎవరి మాటా నమ్మనక్కరలేదు.

కనబడనివారు

ఇప్పుడు పుచ్చీల సంగతి. గీత లేని చుక్కను ఏం చేయాలో లేఅవుట్‌కు తెలియదు. పట్టి ఉంచే స్ప్రింగు లేదు కాబట్టి అది అందరి చేతా నెట్టబడి అంచుకు పోతుంది. ఆ ఒక్క చుక్క కోసం పటమంతా చిన్నదై చదవడానికి ఇబ్బందిగా ఉంటుంది. దీనికి సులువైన మందు ఉంది: ‘జెయింట్ కాంపొనెంట్’ అనే ఫిల్టర్. కలిసి ఉన్న పెద్ద గుంపును మాత్రమే ఉంచి మిగతాది దాచేస్తుంది. నేనూ మొదటిసారి ఆ ఫిల్టర్ వేసి, పదిహేను కుటుంబాల అందమైన పటం తీసి, తరగతిలో గోడకు అంటించాను. పుచ్చీలు ఎక్కడని అడిగినవారు లేరు. అసలు ఉన్నట్టు తెలిస్తేగా అడగడానికి!

పుచ్చియో పుచ్చి కోసిమో పక్షంలో ముఖ్యులలో ఒకడు. పాత ఘరానా కుటుంబం కాదు, ఆస్తి అంతంతమాత్రం, పదహారింటిలో ఎవరితోనూ వియ్యం లేదు. మెడిచీలు పెద్ద ఇళ్లతో వియ్యమందారు, ఇలాంటి కొత్తవారిని ఆదరించి తమ పక్షాన నిలుపుకున్నారు. ఆ ఆదరణ వియ్యాల పట్టికలో పడదు. అంటే ఫిల్టర్ దాచిన చుక్క అనవసరమైనది కాదు, మనం గీసిన గీతలు సరిపోలేదని చెప్పే సాక్షి. ఏ పటమైనా ముద్రించే ముందు ఫిల్టర్లన్నీ తీసేసి ఒకసారి చూడండి. దాచినవారు ఎందరో, ఎందుకు దాచారో బొమ్మ కింద ఒక వాక్యం రాయండి.

గీత ఉంటే స్నేహం ఉన్నట్టు కాదన్నది కూడా గమనించారా? మెడిచీలకూ అల్బిట్సీలకూ మధ్య గీత ఉంది. కోసిమోను వెళ్లగొట్టింది అల్బిట్సీయే. వియ్యంకుల మధ్య వైరం మనకు కొత్త సంగతేమీ కాదు.

గీతకు తారీఖు లేకపోవడం మరో చిక్కు. మెడిచీ-తోర్నబువోనీ గీత చూడగానే ఫ్లోరెన్స్ చరిత్ర కొంత చదివినవారికి కోసిమో కోడలు, కవయిత్రి లుక్రేజియా తోర్నబువోనీ గుర్తొస్తుంది. కానీ పియెరోతో ఆమె పెళ్లి 1440లలో జరిగింది, ఈ పట్టిక 1434 వరకే. ఆ గీత ఆమెది కాదు. ఇంకో ఉచ్చు ఇంతకన్నా తీయనిది. పటంలో పాట్సీలు అంచున ఉండి, సాల్వియాతీల ద్వారా మాత్రమే మిగతావారితో కలుస్తారు. 1478 ఏప్రిల్‌లో ఫ్లోరెన్స్ ప్రధాన చర్చిలో జూలియానో దె మెడిచీని పొడిచి చంపిన కుట్రకు పాట్సీల పేరే ఉంది. అందులో ఆర్చిబిషప్ ఫ్రాన్చెస్కో సాల్వియాతీ కూడా పాల్గొని ఉరికంబం ఎక్కాడు. ‘చూశారా, పటంలో ముందే ఉంది!’ అని అరవాలనిపిస్తుంది. నలభై ఏళ్ల తర్వాత జరిగినదాన్ని అప్పటి ఒక్క పెళ్లిలో చదవడం చరిత్ర కాదు, జాతకం.

అన్నిటికన్నా పెద్ద లోటు గీతల్లోనే ఉంది. ఈ ఇరవై గీతల్లో ప్రతిదానిలోనూ ఒక ఆడపిల్ల ఉంది. ఒక ఇంట్లో పుట్టి, కట్నంతో మరో ఇంటికి వెళ్లిన మనిషి. చుక్కలన్నిటికీ పేర్లున్నాయి, గీతలకు లేవు. కోసిమో భార్య కొంతెసీనా బార్దీల ఇంటి ఆడపడుచు. ఈ పదహారింటిలో బార్దీ కుటుంబం లేదు కాబట్టి ఆమె గీతగా కూడా మిగలలేదు. కుటుంబాన్ని చుక్కగా ఎంచుకున్న క్షణాన్నే ఇది నిర్ణయమైపోయింది, అప్పటికి మనం ఒక్క బటన్ కూడా నొక్కలేదు.

దీన్ని మనకు దగ్గరి ఉదాహరణతో పరీక్షించి చూడండి. కాకతీయ గణపతిదేవుడు జాయప సేనాని చెల్లెళ్లు నారాంబ, పేరాంబలను పెళ్లాడాడు. తన కూతురు గణపాంబను ధరణికోట పాలకులైన కోట వంశపు బేతరాజుకు ఇచ్చాడు. రుద్రమదేవిని నిడదవోలు చాళుక్య శాఖకు చెందిన వీరభద్రుడికి ఇచ్చాడు. ఫ్లోరెన్స్ పద్ధతిలోనే కుటుంబాలను చుక్కలుగా పెట్టి గీయండి: కాకతీయ, జాయప వంశం, కోట, చాళుక్య. చక్కని నక్షత్రం వస్తుంది, కాకతీయులు ఇరుసు. ఆ పటంలో రుద్రమదేవి ఎక్కడుంది? కాకతీయులకూ చాళుక్యులకూ మధ్య ఒక గీత. తండ్రి తర్వాత ఓరుగల్లు సింహాసనం మీద కూర్చుని, శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా పేరు వేయించుకున్న పాలకురాలు పేరు లేని గీత అయింది. గణపాంబ కూడా అంతే. భర్త పోయిన తర్వాత తాను చేసిన ఆలయ ధర్మాలను యెనమదల శాసనంలో చెక్కించిన మనిషి ఆమె.

సాఫ్ట్‌వేర్‌లో దీనికి మార్గం ఉంది, శ్రమే ఎక్కువ. గీతల పట్టికలో ‘లేబుల్’ అనే గడి ఉంటుంది, అందులో పేరు వేయవచ్చు. అంతకన్నా మేలైనది మనుషుల్నే చుక్కలు చేసి, ఏ కుటుంబమో ఒక అదనపు గడిలో రాసి, ఆ గడి ప్రకారం రంగులు వేయడం. అప్పుడు గణపాంబ పుట్టింటి రంగులో ఉండాలా, మెట్టినింటి రంగులోనా అన్న ప్రశ్న వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఒక్క రంగే అడుగుతుంది.

అభ్యాసం

పై కాకతీయ వివరాలతో రెండు పటాలు గీయండి, కంప్యూటర్‌లోనైనా కాగితం మీదనైనా సరే. మొదటిదానిలో కుటుంబాలు చుక్కలు. రెండోదానిలో గణపతిదేవుడు, జాయప, నారాంబ, పేరాంబ, గణపాంబ, బేతరాజు, రుద్రమదేవి, వీరభద్రుడు, రుద్రమ కూతురు ముమ్మడాంబ, ముమ్మడాంబ కొడుకు ప్రతాపరుద్రుడు చుక్కలు. పెళ్లిని ఒక రకం గీతతో, తల్లిదండ్రులు-పిల్లలు, తోబుట్టువుల సంబంధాలను వేరే రకాల గీతలతో చూపండి. రెండో పటంలో రుద్రమదేవికీ, గణపాంబకూ, జాయపకూ ఎన్నెన్ని గీతలు వచ్చాయో లెక్కించండి. తర్వాత ఆ పటం నుంచి ఒకసారి గణపతిదేవుడిని, మరోసారి రుద్రమదేవిని తీసేసి ఎవరు ఎవరి నుంచి విడిపోతారో చూడండి. గణపాంబకు మీరు ఏ రంగు వేశారో, ఎందుకు వేశారో నాలుగు వాక్యాల్లో రాసి, రెండు పటాలనూ వచ్చే కాంటాక్ట్ తరగతికి తీసుకురండి.